బొంత కుట్టినట్టే, కాస్త మౌనంతో: క్వేకర్ల పద్ధతిలో వాతావరణ మార్పు మీద గుడ్డ ప్యానెళ్లు కుట్టించడం ఎలా

ముందే చెప్పేస్తాను, నేను క్వేకర్‌ని కాదు. ఇంగ్లండ్ ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాను. ఇక్కడి క్వేకర్ మీటింగ్ హౌస్‌లో బుధవారం సాయంత్రాలు అందరూ చేరి ఏదో కుడుతున్నారని విన్నాను. చలికాలం నాలుగింటికే చీకటి పడిపోతుంటే ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేక వెళ్లాను. బొంతలు కుట్టే ఇంట్లో పెరిగినదాన్ని, వీళ్లు నాకు కొత్తగా ఏం నేర్పుతారులే అని లోపల కొంచెం పొగరు కూడా ఉంది. కుట్టు విషయంలో నా పొగరు నిలబడింది కూడా. కానీ భూమి వేడెక్కుతోంది, మంచు కరుగుతోంది అని ఏళ్ల తరబడి విని విని చెవులు మూసేసుకున్న మనిషి చేత మళ్లీ ఆ మాట వినిపించడం ఎలాగో ఆ బల్ల దగ్గరే చూశాను.

తర్వాత రెండు విడతలు నేనే దగ్గరుండి నడిపించాను. మీరు ఏ ఊళ్లో ఉన్నా, ఏ మతమైనా, పదిమందిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగలిగితే ఇది చేసుకోవచ్చు. ఎక్కడెక్కడ బోల్తా పడ్డామో కూడా రాస్తున్నాను, మీకు ఆ ఖర్చు తప్పుతుంది.

వీళ్లెవరు, ఈ గుడ్డ ముక్కలేంటి

క్వేకర్ అనగానే మనవాళ్లకి ఓట్స్ డబ్బా మీద టోపీ పెట్టుకున్న ముసలాయన గుర్తొస్తాడు. ఆ కంపెనీకీ వీళ్లకీ ఏ చుట్టరికమూ లేదు, పేరు బాగుందని పెట్టుకున్నారంతే. క్యాడ్‌బరీ చాక్లెట్టు మాత్రం నిజంగానే ఒక క్వేకర్ కుటుంబం మొదలుపెట్టినది. 17వ శతాబ్దం మధ్యలో జార్జ్ ఫాక్స్ చుట్టూ ఇంగ్లండ్‌లో పుట్టిన క్రైస్తవ శాఖ ఇది. తమని తాము ఫ్రెండ్స్ అని పిలుచుకుంటారు. బ్రిటన్‌లో వీళ్ల ప్రార్థనకి వెళ్తే పాస్టర్ ఉండడు, పాటలుండవు, గంటసేపు అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపల్నుంచి మాట తన్నుకొస్తే లేచి చెప్పి మళ్లీ కూర్చుంటారు. ఇంకో సంగతి, ఏ నిర్ణయానికీ ఓట్లు వేయరు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, కుట్టు బల్ల దగ్గర పనికొస్తాయి.

వాతావరణం సంగతి వీళ్లు ఈ మధ్య ఫ్యాషన్‌గా తగిలించుకున్నది కాదు. 2011లో క్యాంటర్‌బరీలో జరిగిన బ్రిటన్ వార్షిక సమావేశంలో, మేం కర్బనం తక్కువ వాడే సమాజంగా మారతాం అని కలిసి మాట ఇచ్చుకున్నారు. 2012లో కెన్యాలోని కబరాక్‌లో ప్రపంచ క్వేకర్లు కూడినప్పుడు శాంతి, ప్రకృతి న్యాయం గురించి ఒక పిలుపు రాశారు. 2013లో బ్రిటన్ క్వేకర్లు బొగ్గు, చమురు కంపెనీల్లో తమ సొమ్ము పెట్టకూడదని తేల్చుకున్నారు. ఆ దారిలోనే 2019లో క్వేకర్ ఆర్ట్స్ నెట్‌వర్క్ వాళ్లు లవింగ్ ఎర్త్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు గుడ్డ మీద ఎవరికి నచ్చింది వాళ్లు కుట్టి, దాని గురించి నాలుగు మాటలు రాసివ్వడం, అంతే. క్వేకర్లే అయ్యుండాలని నియమం లేదు. వందల ప్యానెళ్లు వచ్చాయి. 2021లో గ్లాస్గోలో ఐక్యరాజ్యసమితి వాతావరణ సమావేశం, కాప్26, జరిగినప్పుడు ఆ ఊళ్లోనూ వాటిని ప్రదర్శించారు. మేం చేసింది ఆ పద్ధతినే మా ఊరికి తగ్గట్టు సర్దుకోవడం.

కుట్టు వీళ్ల చరిత్రలో చాలా వెనక్కి వెళ్తుంది. జైళ్ల సంస్కరణకి పేరుపడ్డ ఎలిజబెత్ ఫ్రై క్వేకరే. శిక్షపడి ఓడల్లో ఆస్ట్రేలియా వైపు పంపబడే ఆడవాళ్లకి, ఆవిడ పెట్టిన సంఘం సూదులు, దారం, గుడ్డ ముక్కలు ఇచ్చి పంపేది. 1841లో రాజా అనే ఓడలో వెళ్లినవాళ్లు దారిలో 2,815 ముక్కలతో ఒక పెద్ద బొంత కుట్టారు. అది ఇప్పుడు కాన్‌బెరాలో జాతీయ గ్యాలరీలో ఉంది. ఓడ పేరు రాజా, కుట్టింది ఖైదీలు! ఇక ఇంగ్లండ్ వాయవ్యాన కంబ్రియాలోని కెండల్ వెళ్తే క్వేకర్ టాపెస్ట్రీ చూడొచ్చు: 77 ప్యానెళ్లు, 15 దేశాల్లో 4,000 మందికి పైగా చేతులు, 1981 నుంచి 1996 దాకా పట్టింది. పేరుకి టాపెస్ట్రీ గానీ అది ఉన్ని గుడ్డ మీద ఉన్ని దారంతో చేసిన ఎంబ్రాయిడరీ. వీలైతే మీ గుంపుని ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి, ప్యానెళ్లలో పిల్లలు వేసిన బొమ్మల్ని అలాగే కుట్టిన తీరు చూస్తే మాకు డ్రాయింగ్ రాదండీ అనేవాళ్ల నోళ్లు మూతపడతాయి.

1. మనుషులు, గది, ఆరు సాయంత్రాలు

పన్నెండు మందిని దాటనివ్వకండి. దాటితే ఒక బల్ల రెండు బల్లలవుతుంది, రెండో బల్ల దగ్గర ఇంటి అద్దెల గురించి చర్చ మొదలవుతుంది. ఆరుగురికన్నా తక్కువైతే ఇద్దరు రాని రోజున గది బోసిపోతుంది. వారానికోసారి, రెండేసి గంటలు, ఆరు వారాలు పెట్టుకోండి. నాలుగు చాలని మొదటిసారి నేనే వాదించాను, చాల్లేదు. చేయి తిరిగినవాళ్లకే ఒక ప్యానెల్ నింపడానికి పదిహేను గంటలు పడుతుంది, కొత్తవాళ్లు మిగతాది ఇంటికి పట్టుకెళ్లి కుట్టుకోవాల్సిందే.

గదికి మంచి వెలుతురు కావాలి. పైన వేలాడే ట్యూబ్‌లైటు కింద నల్లగుడ్డ మీద ముదురు నీలం దారంతో కుట్టి చూడండి, ఎందుకు చెప్తున్నానో తెలుస్తుంది. ఇంటికొక టేబుల్ లాంపు తెచ్చుకోమన్నాం. టీ పెట్టుకోవడానికి కెటిల్ ఉండాలి, అయితే టీ కప్పులు మాత్రం వేరే బల్ల మీద.

నోటీసులో "కుట్టు క్లబ్బు" అని రాయకండి, మగవాళ్లు ఒక్కరూ రారు. మేం "మీకిష్టమైన చోటు గురించి ఒక చిన్న వస్తువు తయారుచేద్దాం, సూది పట్టడం రాకపోయినా రండి" అని రాశాం. ఇప్పుడు మా గుంపులో అందరికన్నా సన్నగా గొలుసు కుట్టు వేసేది రిటైరైన ఒక బస్సు డ్రైవరు.

2. మొదటి సాయంత్రం సూది బయటికి తీయొద్దు

ఈ ఒక్క అడుగూ సరిగ్గా పడితే మిగతావి వాటంతటవే పడతాయి, అందుకే దీని మీద ఎక్కువ రాస్తున్నాను.

అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టండి. అయిదు నిమిషాలు మౌనం. తర్వాత మూడు ప్రశ్నలు, ఒకదాని తర్వాత ఒకటి, ఇదే వరుసలో: మీకు ప్రాణమైన చోటో, ప్రాణియో, వస్తువో, మనిషో ఏది? వాతావరణం మారితే దానికేమవుతుంది, ఇప్పటికే ఏమవుతోంది? దాని కోసం మీరు ఏం చేస్తున్నారు, ఏం చేయగలరు?

వరుస మార్చొద్దు. మనం మామూలుగా తలకిందులుగా చేస్తాం, ముందు భయపెట్టి ఆ తర్వాత "కాబట్టి మొక్కలు నాటండి" అంటాం. భయంతో మొదలుపెడితే మనిషి ఫోన్ తీస్తాడు. ఇష్టమైనదాని గురించి అడిగితే ముందుకు వంగి మాట్లాడతాడు.

మాట్లాడే పద్ధతి క్వేకర్లదే. ఒక్కో ప్రశ్నకి ఒక్కొక్కరు ఒక్కసారే మాట్లాడాలి, తన అనుభవమే చెప్పాలి, పేపర్లో చదివింది చెప్పకూడదు. ఒకరు చెప్పిన తర్వాత కాస్త విరామం, ఆ తర్వాతే ఇంకొకరు. ఎవరి మాటకీ ఎవరూ జవాబివ్వకూడదు, సలహా ఇవ్వకూడదు, "అవునవును మా ఊళ్లో కూడా" అని అందుకోకూడదు. చెప్పడం ఇష్టంలేనివాళ్లు తల ఊపి పక్కవాళ్లకి వదిలేయొచ్చు. మన తెలుగువాళ్లకి ఇది ఎంత కష్టమో నన్నడగండి. మొదటి రోజు మూడుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. మన ఇళ్లలో ఒకరు మాట పూర్తి చేసేలోపు ఇంకొకరు అందుకోకపోతే అది కోపం కింద లెక్క కదా. కానీ ఆ విరామంలోనే ఏదో జరుగుతుంది. ఒకాయన మొదటి ప్రశ్నకి "నా కుక్కని తిప్పే దారి" అన్నాడు, ఆగాడు, అందరూ అయిపోయిందనుకున్నారు. అర నిమిషం తర్వాత "ఆ దారిలో మా ఆవిడ కూడా నడిచేది" అన్నాడు. ఎవరైనా మధ్యలో "ఓ, ఏ కుక్క?" అని అడిగుంటే ఆ రెండో మాట బయటికొచ్చేది కాదు.

మూడు ప్రశ్నలకీ గంటన్నర పడుతుంది. తొందరగా అయిపోతే కంగారుపడకండి, మౌనంగా కూర్చోండి. చివర్లో ఒక్కొక్కరికి ఒక కాగితం ఇచ్చి, ఈ వారం ఇంటి దగ్గర మీ మూడు జవాబులూ మూడు వాక్యాల్లో రాసుకు రండి అని పంపండి.

3. బొమ్మ తేల్చుకోవడం

రెండో వారం అందరూ భూగోళం గీసుకొస్తారు. లేకపోతే మంచుముక్క మీద ధ్రువపు ఎలుగుబంటి. నవ్వకుండా, మర్యాదగా పక్కన పెట్టించండి. మీరు ఎప్పుడైనా చూశారా దాన్ని అని అడిగితే చాలు.

చిన్నది చేయించడమే మీ పని. 2015 డిసెంబర్లో డెస్మండ్ తుఫాను వచ్చినప్పుడు కంబ్రియాలోని హానిస్టర్ పాస్ దగ్గర 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్ల వాన పడింది, బ్రిటన్‌లో అప్పటికి అది రికార్డు. కెండల్, కార్లైల్‌లలో ఇళ్లు మునిగాయి. మా గుంపులో ఒకావిడ ఆ వరదంతా కుడతానని వచ్చింది: నది, వంతెన, పడవలు, హెలికాప్టరు. మీ ఇంట్లో ఏం జరిగింది అని అడిగితే, నీళ్లు మెట్ల మీద మూడో మెట్టు దాకా వచ్చి ఆగాయి, నేను నాలుగో మెట్టు మీద కూర్చుని తెల్లారేదాకా మూడో మెట్టునే చూస్తూ ఉన్నాను అంది. అంతే, మెట్లు కుట్టింది. ఏడు మెట్లు, గోధుమరంగు నీళ్లు, నాలుగో మెట్టు మీద ఒక జత ఎర్ర చెప్పులు. ప్రదర్శనలో జనం ఎక్కువసేపు నిలబడింది దాని ముందే.

నాది ఉప్పాడ. అమ్మ చీర ఒకటి, ఉప్పాడ జాందానీ, మడతల దగ్గర చిరిగిపోయి బీరువాలో ఉండేది. దాని అంచు ముక్కతో కెరటాలు చేశాను, బుటాలున్న ముక్కతో ఇళ్లు. కెరటం ఇళ్ల మీదికి ఎక్కేలా అంచుని వంచి కుట్టాను. కింద "సముద్రం పెరిగి మా ఊరిని తినేస్తోంది" అని రాయబోతుంటే, పక్కన కూర్చున్న పెద్దావిడ మెల్లగా "అది అంతా సముద్రం పెరగడం వల్లేనా?" అంది. ఒళ్లు మండింది, అబద్ధం ఎందుకు. ఇంటికెళ్లి చదివితే ఆవిడ అడిగింది సబబే, ఉప్పాడ తీరం కోతకి అలలు తిరిగే తీరు, తీరంలో కట్టిన కట్టడాలు, తుఫానులు, అన్నీ కలిసి ఉన్నాయి, సముద్రమట్టం పెరగడం దాన్ని ఇంకా కష్టం చేస్తుంది. రాత మార్చాను. నిజం విషయంలో క్వేకర్లు కాస్త మొండివాళ్లు. మీ గుంపులో కూడా అలాంటి మొండి మనిషి ఒకరుంటే వదులుకోకండి, ప్రదర్శనకి వచ్చి ఒక్క తప్పు పట్టుకున్నవాడు మిగతా ఇరవై ప్యానెళ్లనీ నమ్మడు.

4. గుడ్డ

కొత్తది కొనకండి. పాత దుప్పట్లు, కర్టెన్లు, చొక్కాలు, టైలర్ల దగ్గర మిగిలే ముక్కలు, ఇక్కడైతే చారిటీ షాపులు. మన ఇళ్లలో అయితే అడగక్కర్లేదు, జాకెట్టు ముక్కలే ఒక సూట్‌కేసు నిండా ఉంటాయి. బొమ్మ కింద ఆధారంగా ఉండే గుడ్డకి మాత్రం సాగని కాటన్ గానీ కోరా గుడ్డ గానీ తీసుకోండి, టీషర్టు గుడ్డ మీద కుడితే బొమ్మ ముడుచుకుపోతుంది.

కొలతలు: పూర్తయ్యాక 30 సెంటీమీటర్ల చదరం ఉండాలంటే మొదట 38 సెంటీమీటర్లు కత్తిరించండి, గుడ్డని బిగించే ఫ్రేముకి పట్టు ఉండాలి, కుట్టేకొద్దీ గుడ్డ కొంచెం లోపలికి లాగుతుంది కూడా. కుట్టడం అయ్యాక 33కి సరిచేసి, చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్లు లోపలికి పోనిస్తే లెక్క సరిపోతుంది. అందరి ప్యానెళ్లూ ఒకే కొలత ఉండాలని గట్టిగా పట్టుబట్టండి. మిగతా అన్నిట్లో స్వేచ్ఛ ఇవ్వండి గానీ ఇందులో ఇవ్వకండి, వేలాడదీసేటప్పుడు నాకు థాంక్స్ చెప్పుకుంటారు.

రంగు పోతుందో లేదో ప్రతి ముక్కనీ పరీక్షించాలి. తడిపి, తెల్లగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ చేయండి. ఈ పాఠం నాకు ఒక ఎర్ర జాకెట్టు ముక్క నేర్పింది. ఒకావిడ అయిదు వారాలు కూర్చుని కర్లూ అనే పొడుగు ముక్కు పిట్టని కుట్టింది, సూర్యాస్తమయానికి ఎర్ర గుడ్డ కావాలంటే నేనే ఇచ్చాను, ఆఖర్న ఆవిరి ఇస్త్రీ చేసిందీ నేనే. పిట్ట తెల్లటి పొట్ట గులాబీ రంగుకి తిరిగింది. ఆవిడ ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ.

ఇంకో మాట. షాపుల్లో దొరికే రంగురంగుల ఫెల్టు చాలావరకు పాలిస్టరు, అంటే ప్లాస్టిక్కే. మెరుపుల పొడి కూడా అంతే. సముద్రాల్ని కాపాడండి అని గ్లిట్టర్‌తో రాసిన ప్యానెల్ ఒకటి మా దగ్గర తయారవబోయింది, మధ్యలో ఆపాం.

5. గీయడం, కుట్టడం

బొమ్మని కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో గీసి, పగటిపూట కిటికీ అద్దానికి అంటించి, మీద గుడ్డ పెట్టి దిద్దండి. లైట్ బాక్సులు కొననక్కర్లేదు. దిద్దడానికి పెన్సిలో టైలరు సుద్దో వాడండి. వేడి తగిలితే చెరిగిపోయే పెన్నులు దొరుకుతాయి, చూడటానికి మాయలా ఉంటాయి, ఇస్త్రీ చేయగానే గీత మాయం. అయితే గడ్డకట్టే చలి తగిలితే ఆ గీత తిరిగొస్తుంది. ఉన్ని దారానికి చిమ్మట పట్టకుండా మా ప్యానెళ్లని కవర్లలో చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో పెట్టాం, అది మంచి పద్ధతే. తీసి చూస్తే చెరిపేసిన గీతలన్నీ, వద్దనుకుని కొట్టేసిన ఒక ఆవు బొమ్మతో సహా, దెయ్యాల్లా లేచి కూర్చున్నాయి. మళ్లీ అన్నీ ఇస్త్రీ.

కుట్లు నాలుగు వస్తే చాలు. ముక్కలు అతకడానికి మామూలు రన్నింగ్ కుట్టు, అంచులు మడిచి పట్టడానికి హెమ్మింగ్ (చీర ఫాల్ కుట్టినవాళ్లకి ఇది వచ్చినట్టే), గీతలకి కాడ కుట్టు, నింపడానికి గొలుసు కుట్టు. ముక్కలన్నీ ముందు టాకాలు వేసి నిలబెట్టుకోండి, గుండుసూదులతో వదిలేస్తే బస్సులో ఎవరో ఒకరికి గుచ్చుకుంటాయి. ఎంబ్రాయిడరీ దారం లచ్చిలో ఆరు పోగులుంటాయి, అందులో రెండు పోగులు విడదీసి కుట్టండి, లావుగా కావాలంటే మూడు. మూరెడు దారానికి మించి సూదికి ఎక్కించొద్దు. పొడుగు దారం పెడితే పని తొందరగా అవుతుందని అందరూ అనుకుంటారు, ముడులు విప్పడంలోనే సాయంత్రం అయిపోతుంది.

అక్షరాలు కుట్టడం దగ్గర కొత్తవాళ్లు నీరుగారిపోతారు. కెండల్ టాపెస్ట్రీకి ప్రాణం పోసిన ఆన్ విన్-విల్సన్ అక్షరాల వంపులు చక్కగా తిరగాలని ఒక కుట్టే తయారుచేసింది, దాన్ని క్వేకర్ కుట్టు అంటారు, కాడ కుట్టునీ పోగు చీల్చి వేసే కుట్టునీ కలిపినట్టుంటుంది. అంతదూరం వెళ్లకపోయినా, మామూలు కాడ కుట్టునే వంపు దగ్గర మూడు మిల్లీమీటర్లకి తగ్గించి వేయండి, దారం ఎప్పుడూ సూదికి ఒకే పక్కన ఉండేలా చూసుకోండి. మన తెలుగు అక్షరాలకైతే ఇది దేవుడిచ్చిన కుట్టు, అన్నీ వంపులే కదా. ఉప్పాడ అని కుట్టడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది, "ప్పా" ఒక్కదానికే గంట.

కుట్టేటప్పుడు మాట్లాడుకోనివ్వండి. మౌనం మొదటి అయిదు నిమిషాలు, చివరి అయిదు నిమిషాలు చాలు. చేతులు పనిలో ఉండి కళ్లు గుడ్డ మీద ఉన్నప్పుడు మనుషులు ఎదురెదురుగా చెప్పలేనివి చెప్పుకుంటారు. హీటింగ్ బిల్లు గురించి, పిల్లల్ని కనాలా వద్దా అనే టెన్షన్ గురించి, విమానం ఎక్కి అమ్మని చూడటానికి వెళ్లడం తప్పా అనే దాని గురించి. ఆ చివరిది నా ప్రశ్నే. ఎవరూ జవాబు చెప్పలేదు, ఒకరు దారం అందించారు.

6. పక్కన పెట్టే రాత

ప్యానెల్‌కి సగం బలం దీనిదే. ఎనభై మాటలు దాటొద్దు, ఎందుకంటే జనం నిలబడి చదువుతారు. "నేను" అని మొదలవ్వాలి, "మానవజాతి" అని మొదలైతే చించేయండి. మూడు ప్రశ్నలకీ జవాబు ఉండాలి, ముఖ్యంగా మూడోదానికి, చాలామంది దాన్నే ఎగ్గొడతారు. అంకె ఏదైనా రాస్తే ఎక్కడిదో ఇద్దరు సరిచూడాలి. అక్షరాలు పెద్దగా, కనీసం 18 పాయింట్లు. పేరు ఒక్క మాట చాలు, ఇంటిపేరు, ఊరు వద్దు.

ఎవరి భాషలో వాళ్లు రాసుకోవచ్చు, కింద ఇంగ్లీషు పెట్టొచ్చు. నా కార్డు తెలుగులోనే ఉంది. ప్రదర్శనలో ఒక కుర్రాడు దాన్ని చూసి ఆగి, చదివి, "మాది పిఠాపురమండీ" అన్నాడు. పక్క ఊరు!

7. గొడవ వచ్చినప్పుడు

వస్తుంది. మా రెండో విడతలో ఒకతను ఒక చమురు కంపెనీ పేరు రాసి, దాని పక్కన ఒక బూతు మాట, చాలా అందంగా, గొలుసు కుట్టుతో కుట్టుకొచ్చాడు. సగంమంది నవ్వారు, సగంమంది లైబ్రరీలో పిల్లలు చూస్తారన్నారు. మామూలుగా అయితే చేతులెత్తించేవాళ్లం. క్వేకర్ పద్ధతి వేరు: ఒకరు క్లర్క్‌గా కూర్చుంటారు, అందరూ చెప్పేది వింటారు, మాటల మధ్య విరామం ఉంటుంది, గుంపు ఎటు మొగ్గుతోందో క్లర్క్ అక్కడికక్కడే రెండు వాక్యాల్లో రాసి పైకి చదువుతారు, దాన్ని మినిట్ అంటారు. అందరూ సరే అంటే అదే నిర్ణయం. కుదరకపోతే వచ్చే వారానికి వాయిదా.

రెండు వారాలు పట్టింది. విసుగొచ్చింది, దాచను. చివరికి అతనే ఆ మాట మీద సన్నటి గుడ్డ రెక్క ఒకటి కుట్టుకొచ్చాడు, కావాలన్నవాళ్లు ఎత్తి చూసుకోవచ్చు. ప్రదర్శన అయ్యేసరికి ఆ రెక్క నలిగి నల్లబడింది. ఓటు పెట్టుంటే ఎవరో ఒకరు గెలిచేవాళ్లు, ఓడినవాళ్లు మూడో బుధవారం నుంచి వచ్చేవాళ్లు కాదు.

8. అస్తరు, పట్టీ, వేలాడదీయడం

అస్తరు గుడ్డని కూడా 33 సెంటీమీటర్లు కత్తిరించి, మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి మూడు వైపులా కుట్టి తిరగేసి, నాలుగో వైపు చేత్తో మూసేయండి. పైన వెనక ఒక పట్టీని గొట్టంలా కుడితే సన్నటి కర్ర దూరుతుంది. అందరివీ ఒకే ఎత్తులో ఉండేలా పై అంచు నుంచి రెండు సెంటీమీటర్ల కింద కుట్టండి. వెనకాల మూల మీద కుట్టినవాళ్ల పేరు, సంవత్సరం మార్కర్‌తో కాకుండా దారంతో రాయండి.

ఎండ నేరుగా పడే కిటికీ పక్కన, చెమ్మ గోడకి ఆనించి పెట్టొద్దు. జిగురుతో అంటించొద్దు.

9. జనంలో పెట్టడం

ఆర్ట్ గ్యాలరీ కోసం వెతుక్కోకండి. లైబ్రరీ, ఆసుపత్రి వెయిటింగ్ హాలు, మార్కెట్ హాలు, చర్చి వసారా, ఎక్కడ జనం వేరే పని మీద వచ్చి కాసేపు ఖాళీగా ఉంటారో అక్కడ పెట్టండి. ప్యానెళ్లు కళ్ల ఎత్తులో, పిల్లలకి కనిపించేలా కొన్ని కిందగా. పక్కన వేడెక్కిన డిగ్రీల గ్రాఫులు పెట్టాలని ఎవరో ఒకరు అంటారు, వద్దనండి, ఆ పని చేసేవాళ్లు వేరే ఉన్నారు.

దానికి బదులు ఒక బల్ల వేసి, రెండు కుర్చీలు, చిన్న గుడ్డ పట్టీలు, గుడ్డ మీద రాసే పెన్నులు, సూదులు పెట్టండి. మొదటి ప్రశ్న ఒక్కటే కాగితం మీద రాసి ఉంచండి. వచ్చినవాళ్లు జవాబు పట్టీ మీద రాసో కుట్టో ఒక తాడుకి కట్టి వెళ్తారు. గుంపులో ఎవరో ఒకరు ఎప్పుడూ అక్కడ కూర్చుని తన పని తాను కుట్టుకుంటూ ఉండాలి. కరపత్రం పంచేవాణ్ని చూసి తప్పుకుపోయే జనం, కుడుతున్న మనిషిని చూస్తే దగ్గరికొచ్చి "ఏం కుడుతున్నారు?" అని వాళ్లే అడుగుతారు. అప్పుడు మీరు చెప్పేది వాళ్లు అడిగినదానికి జవాబవుతుంది. నేను రెండు శనివారాలు అలా కూర్చున్నాను, వాతావరణ మార్పు అంతా బూటకం అనే పెద్దాయన ఒకాయన అరగంట నిలబడి తన ఊరి యాపిల్ తోట గురించి చెప్పాడు, పూత ముందే వచ్చేస్తోందని, తర్వాత మంచు పడి మాడిపోతోందని. ఆయనతో నేను వాదించలేదు. పట్టీ మీద "యాపిల్" అని రాసి కట్టి వెళ్లాడు.

10. తర్వాత

ప్రదర్శన అయిన నెలకి మళ్లీ ఒక సాయంత్రం కలవండి. కార్డుల్లో మూడో ప్రశ్నకి రాసుకున్న జవాబులు ఎవరివి వాళ్లు పైకి చదువుకోవాలి, ఏం చేశారో చెప్పాలి, చేయకపోతే చేయలేదని చెప్పాలి. మందలింపులేమీ ఉండవు. మెట్ల బొమ్మ కుట్టినావిడ తన వీధిలో వరద హెచ్చరిక వస్తే ఎవరు ఎవరి తలుపు కొట్టాలో జాబితా తయారుచేసింది. బస్సు డ్రైవరు తన పింఛను సొమ్ము ఎక్కడెక్కడ పెట్టారో ఉత్తరాలు రాసి అడుగుతున్నాడు. నేను రెండేళ్లకోసారే ఇండియా వెళ్లి, వెళ్లినప్పుడు ఎక్కువ రోజులు ఉండాలనుకున్నాను, అమ్మకి చెప్తే "మంచిదే, ఈసారి ఆవకాయ టైముకి రా" అంది.

ప్యానెళ్లు కుట్టినవాళ్లవే, అడిగితే వెంటనే ఇచ్చేయాలి, ఈ సంగతి మొదటి రోజే చెప్పండి. మిగిలినవాటిని మడత పెట్టకుండా, బొమ్మ పైకి ఉండేలా అట్టగొట్టానికి చుట్టి, పాత కాటన్ దుప్పట్లో పెట్టి, పెట్టె మీద ఎన్ని ఉన్నాయో రాయండి. మా పెట్టెలో పంతొమ్మిది ఉన్నాయి. ఏ ఊరివాళ్లు అడిగినా పంపుతాం, పోస్టేజీ వాళ్లదే, ఆవిరి ఇస్త్రీ మాత్రం చేయొద్దని మూత లోపల పెద్దక్షరాలతో రాసి పెట్టాను.